దారికి తేవడం

పోయిన వేసవిలో ఒక స్నేహితుడితో కలిసి సియాటిల్ నుంచి మోంటానా వైపు కారులో వెళ్ళాను. ఇక్కడ ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళకి బాగా అలవాటైన రోడ్డే అది. ఎల్లోస్టోన్‌కి వెళ్ళాలన్నా, గ్లేషియర్ పార్కుకి వెళ్ళాలన్నా, వెనక సీట్లో పులిహోర డబ్బా పెట్టుకుని ఐ-90 ఎక్కేస్తాం. స్పోకేన్ దాటి, ఐడహోలోకి వచ్చి, కోర్ డలేన్ సరస్సుని వెనక్కి నెట్టేశాక రోడ్డు కొండెక్కుతుంది. ఆ కనుమ పేరు ఫోర్త్ ఆఫ్ జులై పాస్. ఇదేం పేరు, పండగ పేరు కొండకి పెట్టారు అనుకుని, కాళ్ళు చాపుకున్నట్టూ ఉంటుందని అక్కడ ఆగాం.

1861 జులై 4న అమెరికా సైన్యం వాళ్ళ రోడ్డు పని బృందం ఆ కొండమీద విడిది చేసింది. ఒక పెద్ద తెల్ల పైన్ చెట్టు బెరడు చెక్కి దానిమీద తేదీ రాశారు, పైన 'ఎం.ఆర్.' అని రెండక్షరాలు. మిలిటరీ రోడ్ అని అర్థం. రోడ్డు వేయించిన అధికారి పేరు జాన్ మలన్ కాబట్టి మలన్ రోడ్ అని చదువుకునేవాళ్ళూ ఉన్నారు. ఆ చెట్టు ఇప్పుడక్కడ లేదు. కానీ మేం వచ్చిన హైవే కొన్ని చోట్ల ఆయన వేసిన దారినే పట్టుకుని పోతోంది. కాసేపటిగా ఆయన వెనకాలే వస్తున్నామన్నమాట, ఆయన ఎవరో తెలియకుండానే.

తిరిగొచ్చాక ఆ రోడ్డు గురించి చదవడం మొదలుపెట్టాను. మొదట్లో ఇంజనీరింగ్ మీద ఉన్న ఇష్టంతోనే చదివాను. పోను పోను అది నా ఉద్యోగం గురించీ, ఒక మీటింగులో నేనన్న ఒక మాట గురించీ అయింది. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు మలన్‌కి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వాలి. 1852లో వెస్ట్ పాయింట్ సైనిక కళాశాల నుంచి బయటికొచ్చాడు. మరుసటి ఏడు పసిఫిక్ రైలు మార్గం కోసం ఐజక్ స్టీవెన్స్ చేసిన సర్వే బృందంలో ఇటు వచ్చి, ఆ చలికాలమంతా బిట్టర్‌రూట్ లోయలో ఉండి, చుట్టుపక్కల కొండలన్నీ తిరిగాడు. అప్పటినుంచీ ఆయనకి ఒకటే ధ్యాస. మిస్సోరీ నదిలో స్టీమర్లు వెళ్ళగలిగిన చివరి చోటు ఫోర్ట్ బెంటన్. కొలంబియా నదికి దగ్గర్లో సైన్యపు స్థావరం ఫోర్ట్ వల్లావల్లా. ఈ రెంటినీ బళ్ళ దారితో కలిపితే ఖండం ఆ చివరకీ ఈ చివరకీ మధ్య మిగిలిన ఖాళీ పూడినట్టే. మొత్తం 624 మైళ్ళు. 1859 వేసవిలో పని మొదలైంది. సైనికులూ కూలీలూ కలిపి రెండొందల మందికి పైగా, గొడ్డళ్ళతో, పారలతో, కొండరాతిని పగలగొట్టడానికి మందుగుండుతో. దట్టమైన అడవిలో 120 మైళ్ళు చెట్లు కొట్టారు. 30 మైళ్ళు కొండ తవ్వారు. మొదటి చలికాలం మంచులో ఇరుక్కుపోయారు. పశువులు చచ్చిపోయాయి, మనుషులకి స్కర్వీ వచ్చింది. అయినా 1860 ఆగస్టు 1న ఫోర్ట్ బెంటన్ చేరుకున్నారు. సరస్సుకి దక్షిణంగా వేసిన దారి వరదల్లో మునిగిపోతోందని తేలాక, 1861లో మళ్ళీ వచ్చి ఉత్తరంగా కొత్త దారి తీశారు. అప్పుడు చెక్కిందే ఆ చెట్టు. అన్నీ కలిపి ప్రభుత్వానికి అయిన ఖర్చు 2,30,000 డాలర్లు.

ఆ రిపోర్టు వివరాలు చదువుతుంటే పని తెలిసిన మనిషి మీద కలిగే ఇష్టం కలుగుతుంది. గడ్డి ఎక్కడ దొరుకుతుంది, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి, ఏ వాగు ఏ నెలలో పొంగుతుంది, అన్నీ రాసుకున్నాడు. ఆ దారిన తర్వాత వచ్చేవాడి గురించి ఆలోచించిన మనిషి.

ఆ దారిలో అప్పటికే ఉన్నవాళ్ళ మాటేమిటి?

సరస్సు చుట్టుపక్కల నేల స్చీత్సుఉమ్ష్ వాళ్ళది. కోర్ డలేన్ అన్నది ఫ్రెంచి వ్యాపారులు పెట్టిన పేరు. స్చీత్సుఉమ్ష్ అంటే 'ఇక్కడ దొరికేవాళ్ళు' అనే అర్థం చెప్తారు. అంటే, మమ్మల్ని వెతుక్కుంటూ వస్తే ఇక్కడే ఉంటాం అని. వాళ్ళకి దారులు లేక కాదు. వేటకీ, దుంపలు తవ్వుకోవడానికీ, చేపలకీ, కొండలు దాటి బైసన్ మందల దగ్గరికీ వెళ్ళడానికి తరతరాల కాలిబాటలూ గుర్రపు బాటలూ ఉన్నాయి. మలన్ రోడ్డు చాలా మటుకు ఆ బాటల్నే వెడల్పు చేసింది.

నలుగురు నడిస్తే దారవుతుందంటాం. బాట నడిచేవాళ్ళ వల్ల పుడుతుంది. ఎవరు నడుస్తున్నారో వాళ్ళదే, వాళ్ళు నడవడం మానేస్తే గడ్డి మొలుస్తుంది. రోడ్డు అట్లా కాదు. ఇంకా రానివాళ్ళ కోసం వేస్తారు దాన్ని. అది వేసి ఉండటమే ఒక పిలుపు. తన నేల మీద 25 అడుగుల వెడల్పున చెట్లు కొట్టడం చూసినవాడికి ఇది అర్థం కావడానికి చదువు అక్కర్లేదు. నేను ఇద్దరు మనుషులతో వెళ్ళడానికి ఇంత వెడల్పు ఎందుకు? ఎందరు రాబోతున్నారు?

అందుకే రోడ్డు కంటే ముందు యుద్ధం వచ్చింది. 1858 మే నెలలో కర్నల్ స్టెప్టో దాదాపు 160 మంది సైనికులతో ఉత్తరానికి వస్తే, స్చీత్సుఉమ్ష్, స్పోకేన్, పలూస్ యోధులు కలిసి ఓడించి వెనక్కి పంపారు. తమ నేల మీదుగా సైన్యపు రోడ్డు రాబోతోందన్న భయం అప్పటికే అక్కడ నిండి ఉంది. రోడ్డు పనికి బయల్దేరిన మలన్ బృందం ఆ వార్తతో ఆగిపోయింది. ఆ ఎండాకాలం చివర్లో కర్నల్ జార్జ్ రైట్ దూరం కొట్టే కొత్త తుపాకులతో వచ్చాడు. ఫోర్ లేక్స్ దగ్గరా, స్పోకేన్ మైదానంలోనూ గెలిచాడు. తర్వాత స్పోకేన్ నది ఒడ్డున, పలూస్ వాళ్ళ గుర్రాల మందని పట్టుకుని, ఏడెనిమిది వందల గుర్రాల్ని కాల్చి చంపించాడు. ఆ ఎముకలు ఏళ్ళ తరబడి నది ఒడ్డున తెల్లగా పడి ఉండేవట. సెప్టెంబరులో మాట్లాడుకుందామని వచ్చిన క్వల్చన్ అనే యకమా యోధుణ్ణి లాటా వాగు దగ్గర వచ్చిన కాసేపటికే ఉరితీశాడు. ఆ వాగుకి హ్యాంగ్‌మన్ క్రీక్, అంటే తలారి వాగు, అన్న పేరు పడింది. ఆ దండయాత్రలో నెజ్ పర్స్ వేగులని నడిపించిన అధికారి జాన్ మలన్.

స్చీత్సుఉమ్ష్ వాళ్ళతో రైట్ చేయించుకున్న ఒప్పందంలో, తమ నేల మీదుగా తెల్లవాళ్ళు ఎప్పుడైనా అడ్డు లేకుండా వెళ్ళవచ్చన్నది ఒక షరతు. మరుసటి వేసవికే రోడ్డు పని మొదలైంది.

మొండికేసినవాణ్ణి లొంగదీస్తే 'దారికి తెచ్చారు' అంటాం. ఎన్నిసార్లు అన్నానో ఈ మాట, పిల్లల గురించీ, మొండి ప్రోగ్రాముల గురించీ. దారి ముందే ఉంది, అది సరైనదే, నువ్వే పక్కకి పోయావు, అని ఆ మాటలో దాగుంది. ఇక్కడ మాత్రం వరస తారుమారైంది. ముందు మనుషుల్ని దారికి తెచ్చారు. ఆ తర్వాత దారి తెచ్చారు.

ఇదంతా నా స్నేహితుడికి చెప్తే వాడు చాలా మామూలుగా అన్నాడు: "మరి ఆ రోడ్డు లేకపోతే నువ్వు అక్కడిదాకా ఎలా వెళ్ళేవాడివిరా? రోడ్డు ఏం చేసింది పాపం? దానిమీద అంబులెన్సూ వెళ్తుంది, ఫిరంగీ వెళ్తుంది. వాడుకునేవాడిది కదా బాధ్యత?"

తేలిగ్గా తీసిపారేసే మాటేమీ కాదిది. రోడ్డు లేని ఊళ్ళో పురుటి నొప్పులొచ్చిన మనిషిని మంచం మీద మోసుకెళ్ళడం అంటే ఏమిటో మన దగ్గర తెలియనివాళ్ళు లేరు. రోడ్డు చెడ్డది అనే హక్కు, రోడ్డు మీద పుట్టి పెరిగిన నాకు లేదు. ఐ-90ని ఈవాళ స్చీత్సుఉమ్ష్ ప్రజలు కూడా వాడుకుంటారు.

కానీ వాడుకునేవాడిదే బాధ్యత అన్న వాదనలో ఒక చిక్కుంది. ఎవరు వాడుకుంటారో తెలియకుండా వేసిన రోడ్డుకైతే అది సరిపోతుంది. మలన్‌కి తెలుసు. సైన్యం కదలడానికి అని డబ్బు తెచ్చినా, ఆ దారిన వలసదారులు రావాలనీ, రేపు దాని పక్కనే రైలు పడాలనీ ఆయన దాచకుండానే రాశాడు. పని పూర్తవుతూండగానే 1862లో మోంటానాలో బంగారం దొరికింది. ఆ తర్వాత ఆ రోడ్డు మీద నడిచింది ఎక్కువగా గని పనివాళ్ళూ, కంచర గాడిదల మీద సరుకు వేసుకున్న వర్తకులూ. 1865లో గని పనివాళ్ళ కోసమని ఆయనే ఒక గైడు పుస్తకం కూడా వేశాడు. తలుపు తీసి, రండి రండి అని పిలిచి, లోపలికొచ్చినవాడు ఏం చేశాడో నాకేం తెలుసు అనలేం కదా.

మలన్ క్రూరుడైతే ఈ వ్యాసం రాయాల్సిన పని ఉండేది కాదు. రైట్ గురించి ఎవరూ వ్యాసం రాసి ఆలోచించక్కర్లేదు. మలన్ గురించి అక్కరుంది. ఆయన సాలిష్ ప్రజల మధ్య నెలల తరబడి బతికాడు. వాళ్ళ మర్యాదనీ, నిజాయితీనీ రిపోర్టులో మెచ్చుకున్నాడు. ఆయనకి దుబాసీగా ఉన్న గుస్తావ్ సోహన్ అనే జర్మన్ సైనికుడు సాలిష్ భాష నేర్చుకుని, ఆ పెద్దల ముఖాల్ని ఎంతో శ్రద్ధగా పెన్సిల్‌తో గీశాడు. మొదటి చలికాలం మంచులో తిండి సరుకుకి ఇబ్బంది అయినప్పుడు, ఫోర్ట్ బెంటన్ నుంచి తెచ్చుకోవడానికి వందకి పైగా గుర్రాల్నీ, తోడు మనుషుల్నీ ఇచ్చింది ఫ్లాట్‌హెడ్ అని పిలవబడే ఆ సాలిష్ వాళ్ళే. నది ఒడ్డున చచ్చిన గుర్రాలు వీళ్ళవి కావు, వేరే జాతివాళ్ళవి. అయినా రెండేళ్ళ లోపు జరిగిన ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మనసుకి కష్టంగా ఉంటుంది. ఒకచోట గుర్రాల్ని చంపి దారి తీసుకున్నారు, ఇంకోచోట గుర్రాల్ని అడిగి తీసుకుని దారి పూర్తి చేశారు.

ఇంత తెలిసిన మనిషి, 1863లో అచ్చయిన తన రిపోర్టులో ఇండియన్ల భవిష్యత్తు గురించి ఒక మాట రాశాడు. దాని సారాంశం ఇది: తెల్లవాడి ముందు ఇండియన్ మాయమవడం విధి. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే, అది ఎంత చక్కగా జరగాలి, వాళ్ళకి వీలైనంత తక్కువ బాధతో, మనకి వీలైనంత తక్కువ ఖర్చుతో.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. దయ లేని మాట కాదిది. తక్కువ బాధ అంటున్నాడు, నిజంగానే అంటున్నాడు. ఆ కాలంలో చాలామంది అంతకూడా అనలేదు. కానీ ఆ దయ మొదలయ్యే చోటు చూడండి. మొదటి సగంలో 'మాయమవుతారు' అన్నది తేలిపోయింది. దాన్ని ఎవరూ అడగరు. అడగడానికి మిగిలింది ఎలా అన్నది మాత్రమే.

తెలుగులో 'అవు'కీ 'చేయు'కీ ఉన్న తేడా ఇక్కడ పనికొస్తుంది. మాయమవుతారు అంటే వాళ్ళంతట వాళ్ళే, మంచు కరిగినట్టు. మాయం చేస్తారు అంటే ఎవరు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. మలన్ రాసింది మొదటి క్రియ. ఆయన చేతిలో ఉన్న గొడ్డలి రెండో క్రియ. మనం మాత్రం తక్కువ తిన్నామా? 'మా ఊరికి రోడ్డు పడింది' అంటాం. వాన పడ్డట్టు, రాత్రికి రాత్రి ఆకాశం నుంచి పడ్డట్టు. ఎవరి పొలంలోంచి పడింది, ఎవరు గీత గీశారు అన్నవి ఆ క్రియలో ఇమడవు.

విధి అన్నమాట నిజమేనా? దీనికి ఆ కాలంలోనే, ఆ పక్కనే ఒక జవాబుంది. మోంటానా బంగారం దగ్గరికి దగ్గరి దారిగా లకోటా, షయాన్ వాళ్ళ వేట నేల మీదుగా బోజ్‌మన్ ట్రెయిల్ అని ఒక దారి మొదలైంది. 1866లో దాన్ని కాపాడటానికి సైన్యం కోటలు కట్టింది. రెడ్ క్లౌడ్ నాయకత్వంలో లకోటా, షయాన్, అరాపహో వాళ్ళు ఎదిరించారు. ఆ డిసెంబరు 21న ఫెటర్మన్ అనే అధికారితో కలిపి వెళ్ళిన 81 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు. చివరికి 1868లో ప్రభుత్వం ఆ దారిని మూసేసింది. కోటలు ఖాళీ చేసి సైన్యం వెళ్ళిపోయింది. వాళ్ళు వెళ్ళీ వెళ్ళకముందే ఆ కోటల్ని తగలబెట్టారు.

ఇది వీరగాథగా చెప్పడం నాకిష్టం లేదు. దారి మూసేయడానికి, దక్షిణంగా వస్తున్న రైలు మార్గం వల్ల దాని అవసరం తగ్గడం కూడా ఒక కారణం. 1874లో బ్లాక్ హిల్స్‌లో బంగారం ఉందని తెలిశాక ఆ ఒప్పందాన్ని తొక్కేశారు. ఎలాగూ చివరికి అదే జరిగింది కదా, చూశావా విధి, అనొచ్చు ఎవరైనా. కానీ అక్కడ కూడా 'జరగలేదు', ఒక ఏడు ఒకలా, ఇంకో ఏడు ఇంకోలా నిర్ణయించారు. 1868లో సంతకం పెట్టినవాళ్ళున్నారు, 1874లో ఆ సంతకాన్ని లెక్కచేయకుండా సైన్యాన్ని పంపినవాళ్ళున్నారు. మూసేయగలిగిన రోడ్డు ఒకటి ఉంది అంటే, మూయని రోడ్లన్నీ మూయకూడదని నిర్ణయించుకున్నవే అన్నమాట. విధి అనే మాట ఆ నిర్ణయాలన్నిటి మీదా కప్పిన దుప్పటి.

మంచిగా ఉంటే బాధ తగ్గుతుందన్న రెండో సగం కూడా నిలబడలేదు. గుర్రాలిచ్చిన సాలిష్ వాళ్ళు అమెరికా సైన్యంతో ఎన్నడూ యుద్ధం చెయ్యలేదు. 1891లో వాళ్ళ పెద్ద చార్లోనీ, మిగిలినవాళ్ళనీ బిట్టర్‌రూట్ లోయ ఖాళీ చేయించి ఉత్తరాన రిజర్వేషన్‌కి పంపారు.

ఇప్పుడు నా సంగతి. నేను పనిచేసే చోట రెండేళ్ళ కిందట ఒక ప్రాజెక్టు వచ్చింది. కస్టమర్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలకి మనుషుల బదులు సాఫ్ట్‌వేర్ జవాబు చెప్పేలా చెయ్యాలి. ఆ ఫోన్లు ఎత్తేవాళ్ళలో చాలామంది హైదరాబాదులో ఉంటారు. వాళ్ళతో రాత్రిళ్ళు నేను కాల్స్‌లో మాట్లాడేవాణ్ణి. పని అయ్యాక తెలుగులో ఊరి కబుర్లు చెప్పుకునేవాళ్ళం. కస్టమర్లు ఏమేం అడుగుతారో, ఏ మాట అంటే శాంతిస్తారో నాకు ఓపిగ్గా నేర్పింది వాళ్ళే. అది నేర్చుకునే నేను దారి వేశాను.

ఒక మీటింగులో ఎవరో ఇబ్బందిగా అడిగారు, మరి వాళ్ళ సంగతేమిటి అని. నేనే జవాబు చెప్పాను. "ఇది ఎలాగూ జరిగేదే. మనం చెయ్యకపోతే ఇంకొకరు చేస్తారు. మనం చేస్తే కనీసం కాస్త మంచిగా చెయ్యొచ్చు. మూడు నెలలు ముందే చెప్దాం, వేరే పని నేర్చుకునే అవకాశం ఇద్దాం, అదేమంత ఖర్చు కాదు కూడా." గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత మేనేజరు నా దగ్గరికొచ్చి, మనసున్న మాట చెప్పావు అన్నారు. ఆ రోజు నేను సంతోషంగా ఇంటికెళ్ళాను.

వాళ్ళకి వీలైనంత తక్కువ బాధ, మనకి వీలైనంత తక్కువ ఖర్చు.

ఈ రెంటినీ ఒకే తక్కెడలో వెయ్యడం తప్పు, తెలుసు. అక్కడ పోయింది నేల, ప్రాణాలు, పిల్లల భాష. ఇక్కడ పోయింది ఉద్యోగాలు, కొందరికి వేరేవి దొరికాయి కూడా. నేను పోలుస్తున్నది నష్టాల్ని కాదు, వాక్యాల్ని. నా వాక్యం కట్టుబడి ఆయన వాక్యం కట్టుబడే. ముందు 'జరుగుతుంది' అని తేల్చేసి, ఆ తర్వాత దయ చూపించడం. అప్పుడు దయ ఒక పని చేస్తుంది. అసలు ప్రశ్న అడగక్కర్లేకుండా చేస్తుంది. మూడు నెలల నోటీసు గురించి అరగంట చర్చించాం మేం. ఈ పని చెయ్యాలా వద్దా అని ఒక్క నిమిషం కూడా చర్చించలేదు. ఒకవేళ చర్చించినా, చెయ్యాలనే తేల్చేవాళ్ళమేమో. అయినా అప్పుడు 'మేం చేశాం' అని చెప్పాల్సి వచ్చేది, 'జరిగింది' అని కాకుండా. ఆ తేడా వల్ల ఉద్యోగాలు మిగులుతాయో లేదో చెప్పలేను. చేసినవాడు ఎవరో తెలిసిన చోట మాత్రం, బాకీ ఎవరిదో కూడా తెలుస్తుంది.

బాకీ అన్నమాట ఆలోచించే వాడుతున్నాను. ఇలాంటివి చదివినప్పుడు పాపం అనే మాట ముందొస్తుంది. పాపం చేసినవాడితోనే పోతుంది, లేదా ఏ నదిలోనో మునిగితే పోయిందనుకుంటాం. ఆ రోడ్డు మీద కారు నడిపినందుకు నాకు పాపం అంటుకుంటుందని నేననుకోను. అప్పు వేరు. అప్పు నేను చెయ్యకపోయినా, ఆ ఇంట్లో ఉంటున్నందుకు నాకూ వస్తుంది. తీర్చేది ఎంతన్నది లెక్క తేలకపోవచ్చు. లేదనడం మాత్రం కుదరదు.

లెక్క తేల్చే ప్రయత్నాలు చిన్నచిన్నవి జరుగుతున్నాయి. స్పోకేన్‌లో కర్నల్ రైట్ పేరుతో ఒక రోడ్డు ఉండేది. 2020 డిసెంబరులో నగర పాలక మండలి దాని పేరు మార్చాలని తీర్మానించింది. ఇప్పుడది విస్టాల్క్స్ వే. విస్టాల్క్స్, వాగు ఒడ్డున ఉరితీసిన క్వల్చన్ భార్య. పేరు మారితే నేల తిరిగి రాదు, ఏ గుర్రమూ లేచి రాదు. కానీ ఆ రోడ్డు వర్షంలా పడలేదని, దానికి ముందు ఎవరో ఉన్నారని, ఇంటి అడ్రసు రాసుకునే ప్రతివాడూ ఇప్పుడు రాయాలి.

మా ఆఫీసులో వచ్చే నెల ఇంకో ప్రాజెక్టు మొదలవుతుంది. ఈసారి ఇంకో ఊళ్ళో, ఇంకో బృందం. ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఇది ఎలాగూ జరిగేదే అని. అప్పుడు నేను, 'జరిగేది కాదు, మనం చేసేది. చేద్దామా వద్దా?' అని అడగాలనుకుంటున్నాను. అడుగుతానో లేదో నాకింకా తెలియదు. ఇంటి లోను ఉంది, వీసా ఉంది. కనీసం మూడు నెలల నోటీసు మాట మాత్రం ఈసారి మొదట నా నోట్లోంచి రాకూడదనుకుంటున్నాను.